నీళ్ల మీద దొరల ఇల్లు

‘కంట్రీ హౌస్’ అన్న మాటని తెలుగులో ఏమనాలి? పిహెచ్.డి. చేసినన్నాళ్లూ ఇంగ్లీషు నవలల్లోని ఆ ఇళ్ల చుట్టూనే తిరిగాను. రాసింది కూడా ఇంగ్లీషులోనే కాబట్టి ఈ ప్రశ్న ఎదురు కాలేదు. స్కాట్లండ్ పడమటి తీరాన హెబ్రిడీస్ దీవుల మధ్య తిరిగే ‘హెబ్రిడియన్ ప్రిన్సెస్’ అనే చిన్న విహారనౌక గురించి తెలుగులో రాద్దామని కూచుంటే మొదటి వాక్యంలోనే కలం ఆగింది. ఆ ఓడ అమ్మేదల్లా ఆ ఒక్క మాటే మరి. వేలమంది జనం, ఈతకొలనులు, జూదశాలలు ఉండే పెద్ద క్రూజ్ ఓడలతో దీనికి పోలిక లేదు. ఎక్కేది మహా అయితే యాభైమంది. వాళ్లకి దొరికేది కంట్రీ హౌస్‌లో అతిథిగా ఉన్నంత సుఖం, అదీ సముద్రం మీద. దాని గురించిన బ్రోషర్లూ, ఇంగ్లీషు పత్రికల్లో వచ్చే యాత్రా వ్యాసాలూ తిప్పితిప్పి ఇదే చెబుతాయి.

పల్లెటూరి ఇల్లు అందామా అంటే మనకి కళ్లముందు మెదిలేది పెంకుటిల్లూ, మట్టి అరుగూ. ఇది ఆ బాపతు కాదు. చుట్టుపక్కల భూమంతా ఒకరి చేతిలో ఉండి, ఆ భూమి మీద వచ్చే శిస్తుతో కట్టుకున్న పెద్ద ఇల్లు. అలాంటివి మనకి లేకపోలేదు. కోస్తాలో దివాణం అన్నాం, తెలంగాణలో గడీ అన్నాం. ‘గడీలో ఉన్నంత హాయి’ అని రాసి, వరంగల్ నుంచి వచ్చిన నా సహాధ్యాపకురాలికి చూపించాను. చదివి నవ్వింది. “హాయి ఎవలకు?” అంది.

ఆమె అడిగినదాంట్లో చాలా ఉంది. గడీ అన్న మాట పలికితే దానితో పాటే వెట్టి వస్తుంది. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) చూసినవాళ్లకి గడీ అంటే దాని ఎత్తయిన గోడల కంటే ముందు ఆ గోడల మధ్య పొద్దస్తమానం తిరిగే ఒక ఆడమనిషి కాళ్లు గుర్తొస్తాయి. ఆమె కడుపు మీద కూడా దొరకి ఉన్న హక్కు గుర్తొస్తుంది. కాబట్టి మనకి మాటలు కరువై కాదు. మన మాటల్లో చాకిరీ వాసన ఇంకా పోలేదు. ఇంగ్లీషు మాటలో ఎప్పుడో పోయింది. ఎలా పోయింది, పోగొట్టిందెవరు అన్నది తెలుసుకోవాలని ఈ ఓడని ఒక పాఠంలాగా చదవడం మొదలుపెట్టాను.

ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్‌లో ఆ ఇళ్లు నిలబడడం కష్టమైపోయింది. వారసత్వ పన్నులు పెరిగాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లో వారసులు పోయారు. ఈ రెండు కారణాలూ అన్ని పుస్తకాలూ చెబుతాయి. మూడోదాన్ని కాస్త చిన్న గొంతుతో చెబుతాయి: పల్లెల నుంచి ఇంటిపనికి వచ్చే ఆడపిల్లలు రావడం మానేశారు. ఫ్యాక్టరీ, ఆఫీసు, దుకాణం దొరికాక ఎవరింటి మెట్లో తుడిచే బతుకు వాళ్లకి అక్కర్లేకపోయింది. వందల ఇళ్లు కూలగొట్టారు. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ కూల్చివేతల మీద ఒక ప్రదర్శన పెట్టి దేశంచేత కన్నీళ్లు పెట్టించింది. మిగిలినవాటిలో కొన్ని టికెట్టు కొని చూసే మ్యూజియాలయ్యాయి, కొన్ని హోటళ్లయ్యాయి. అట్లా ‘కంట్రీ హౌస్’ అనేది హోటలు వ్యాపారంలో ఒక తరగతి పేరైంది. చాకిరీ చేసేవాళ్లు వెళ్లిపోయాకే ఆ ఇంటి మీద మోజు పెరిగింది. నవలా సినిమా టీవీ ఆ మోజుకి కావలసిన సరంజామా అంతా అందించాయి.

కజువో ఇషిగురో ‘ద రిమెయిన్స్ ఆఫ్ ద డే’ 1989లో వచ్చింది. యజమాని కోసం జీవితమంతా ధారపోసిన బట్లరు కథ అది. ఇంటి మర్యాద అనేది ఒక మనిషిని లోపల్నించి ఎట్లా తినేస్తుందో దానికంటే బాగా చెప్పిన నవల నాకు తెలియదు. యాదృచ్ఛికమే కావచ్చు, ఈ ఓడ విహారయాత్రలు మొదలైంది కూడా 1989లోనే.

ఓడ మాత్రం అప్పటికే పాతది. 1964లో అబర్డీన్‌లోని హాల్ రస్సెల్ యార్డులో కట్టినప్పుడు దాని పేరు ‘కొలంబా’. ప్రభుత్వం కట్టించిన మూడు కవల ఓడల్లో ఒకటి. ఓబన్ రేవు నుంచి మల్ ద్వీపానికి మనుషుల్నీ కార్లనీ చేరేసిన ఫెర్రీ. మన గోదావరి మీద లాంచీల్లాగే అనుకోండి, కాస్త పెద్దది: ఆరువందలమంది జనం, యాభై కార్లు. ప్రచ్ఛన్న యుద్ధకాలం కదా, అణుబాంబు పడితే తలుపులు బిగించుకుని లోపల తలదాచుకునే ఏర్పాటు కూడా చేశారు. పెళ్లిళ్లకీ ఆస్పత్రులకీ సంతలకీ పోయే దీవివాసులు ఇరవై ఏళ్లకి పైగా ఎక్కి దిగిన ఓడ అది. 1988లో అమ్మేశారు. కొన్నవాళ్లు లోపలంతా మార్చి అతిథులకి యాభై పడకలు, వాళ్లకి సేవ చేయడానికి 38 మంది సిబ్బందిని పెట్టారు. రాజవంశపు విహారనౌక ‘బ్రిటానియా’ 1997లో విరమించుకున్నాక ఎలిజబెత్ రాణి 2006లో తన ఎనభయ్యో పుట్టినరోజుకి కుటుంబంతో సహా ఈ ఓడనే అద్దెకి తీసుకుంది. 2010లో మళ్లీ ఒకసారి. ఇక దాని హోదాకి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆరువందలమంది ఎక్కినచోట యాభైమంది. ఈ లెక్క ఒక్కటే చాలు కోపం రావడానికి. కానీ కోపం కంటే ముందు ఆ లోపలి అలంకరణని చూడాలనిపించింది. కూచునే పెద్దగదిలో ఇటుకలూ దూలాలతో కట్టిన చలిమంట గూడు ఉంటుంది. పుస్తకాల గది ఉంటుంది. మొక్కలు పెంచే అద్దాల గదిని తలపించే ‘కన్జర్వేటరీ’ ఉంటుంది. పడక గదులకి అంకెలకి బదులు దీవులవీ కోటలవీ సరస్సులవీ పేర్లు. రాత్రిపూట ఏదో ఒక ప్రశాంతమైన అఖాతంలో లంగరు వేసేస్తారు, అతిథుల నిద్ర చెడకుండా. ఓడని ఓడ అనిపించే అన్నిటినీ ఒక్కొక్కటిగా దాచేయడమే ఇక్కడి పనితనం. ఇనుముని కలప కప్పేస్తుంది. ఇంజనుని నిశ్శబ్దం కప్పేస్తుంది. బయట అట్లాంటిక్ గాలి ఈడ్చి కొడుతుంటే లోపల తరతరాలుగా ఒకేచోట పాతుకుపోయిన ఇల్లున్నట్టు ఉండాలి.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది డబ్బు సంగతి. వారం యాత్రకి మనిషికి వేల పౌండ్లు ఖర్చవుతుంది. అది ముందే కట్టేస్తారు. ఒకసారి ఎక్కాక తిండికీ తాగుడికీ తీరం మీద తోటలు, కోటలు చూడ్డానికీ విడిగా అడగరు. సిబ్బందికి టిప్పులు ఇవ్వనక్కర్లేదని కంపెనీయే చెబుతుంది. వినడానికి హుందాగా ఉంది. కానీ ఇది చేసే పని చూడండి. డబ్బు చేతులు మారడం కనిపిస్తే మీరు కస్టమరు, ఎదుటి మనిషి పనివాడు. డబ్బు కనిపించకపోతే మీరు అతిథి. ఎదుటి మనిషి చేసేది పనిలా కనిపించడం మానేసి ఆ ఇంటి ఆదరణలా కనిపించడం మొదలవుతుంది. ఇది మనకి బాగా తెలిసిన ఇంద్రజాలమే. ఇంటిచాకిరీకి జీతం లేకపోవడం వల్లే కదా అది ప్రేమగా చలామణీ అయింది!

ఇక్కడ దీన్నంతా ధనికుల విలాసం అని ఒక్క మాటలో తేల్చేసి ముందుకు పోవచ్చు. మన పత్రికల్లో చాలాసార్లు అట్లాగే చేస్తాం. నాకది తొందరపాటు అనిపిస్తుంది. ఎందుకంటే ఆ బ్రోషరు చదువుతున్నప్పుడు నాకు ముందుగా కలిగింది అసూయ.

మనలో ఆడది ఎప్పుడైనా చుట్టంగా ఉంటుందా? మా అమ్మ ఎవరింటికి వెళ్లినా పది నిమిషాల్లో వంటింట్లో ఉండేది. వెళ్లకపోతే మర్యాద కాదు. నాన్న హాల్లో కూచుని కాఫీ తాగుతూ చుట్టంగా ఉండేవాడు, అమ్మ అక్కడ ఇంకొకరి పప్పు తాలింపు పెడుతూ ఉండేది. పెళ్లిళ్లలో, చావుల్లో, పురుళ్లలో, చివరికి తీర్థయాత్రల సత్రాల్లో కూడా ఆడవాళ్లు స్థలం మారతారు గానీ పని మారదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే...’ కథలో ఇల్లలికీ అలికీ ఆవిడ తన పేరే మరిచిపోతుంది. ఆ కథ చదివి ఏడవని ఆడవాళ్లని నేను చూళ్లేదు. పేరు గుర్తు రావడానికి ముందు ఆమెకి ఆ ఇల్లు నుంచి కాసేపు సెలవు కావాలి కదా. విమానాల్లో, ఓడల్లో, హోటళ్లలో అమ్మే ‘కంఫర్ట్’ అనే సరుకు ఈ లోటు మీదే నడుస్తుంది. ఇల్లు ఉండాలి, అందులో నేను చెయ్యాల్సింది ఏమీ ఉండకూడదు. తప్పు కోరికా అది?

నాతో చదువుకున్న ఆడపిల్లల్ని జీవితంలో బాగా సుఖపడ్డ కాలం ఏదని అడిగితే చాలామంది యూనివర్సిటీ హాస్టలు పేరు చెబుతారు. నీళ్ల సాంబారు, రాళ్ల అన్నం, వారానికోసారి కోడిగుడ్డు. అయినా సరే ఆ ఐదారేళ్లూ కంచం ముందుకి అన్నం వచ్చేది. ఎవరికీ వడ్డించకుండా తినేవాళ్లం. తిన్నాక పుస్తకం తీసేవాళ్లం. నా థీసిస్ అంతా ఆ అన్నం మీదే రాశాను. ఆ అన్నం వండినవాళ్లు కూడా ఆడవాళ్లే. తెల్లవారుజామున నాలుక్కి వచ్చేవాళ్లు. రాత్రి మా ప్లేట్లు తోమి వెళ్లేటప్పటికి తొమ్మిది దాటేది. వాళ్లింట్లో ఎవరు వండేవారో మేం అడగలేదు. కంట్రీ హౌస్ నవలలన్నిటినీ చదివి, పనివాళ్లు వాటిలో కనిపించరని అధ్యాయాలకి అధ్యాయాలు రాసినవాళ్లం మేం.

పరిశోధన పనిమీద స్కాట్లండ్‌లో కొన్ని వారాలు ఉన్నప్పుడు ఓబన్ రేవులో ఈ ఓడని ఒకసారి చూశాను. ఎక్కలేదు, ఎక్కే స్తోమతా లేదు. ఎర్రటి పొగగొట్టం, నల్లటి ఒళ్లు, చుట్టూ ఉన్న కార్ల ఫెర్రీల పక్కన బొమ్మలా ఉంది. ఒక యాత్ర ముగిసి ఇంకోటి మొదలవబోయే రోజు. అతిథులు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు ఇంకా రాలేదు. ఆ మధ్య గంటల్లో రేవు గట్టు మీద పెద్ద పెద్ద బట్టల మూటలు. దుప్పట్లు, తువ్వాళ్లు, టేబులు గుడ్డలు అనుకుంటాను. ఇద్దరమ్మాయిలు వాటిని లెక్కపెట్టి బండికి ఎక్కిస్తున్నారు. చకచకా, మాట్లాడుకుంటూ, ఒకసారి గట్టిగా నవ్వుకుంటూ. ఏ బ్రోషర్లోనూ ఈ ఫోటో ఉండదు. వాళ్లని దీనంగా చూపించాలన్న ఉద్దేశం నాకు లేదు, వాళ్లు దీనంగా లేరు కూడా. కానీ యాభైమంది మురికి బట్టలు ఇంత ఉంటాయని నాకు అక్కడే తెలిసింది.

ఈ ఓడ తిరిగే నీళ్లలోనే స్కై ద్వీపం ఉంది. వర్జీనియా వుల్ఫ్ ‘టు ద లైట్‌హౌస్’ (1927) నవల ఆ ద్వీపంలో నడుస్తుంది. నిజానికి ఆమె రాసింది తన చిన్నప్పటి వేసవి ఇంటి గురించి, అది ఇంగ్లండ్ కొసన కార్న్‌వాల్‌లో ఉండేది. స్కైకి ఆమె మొదటిసారి వెళ్లింది 1938లో, నవల వచ్చిన పదకొండేళ్లకి. ఆ వేసవి ఇంట్లో మిసెస్ రామ్సే అతిథులందరినీ చుట్టూ కూచోబెట్టుకుని విందు ఇస్తుంది. ఎనిమిదిమంది పిల్లలు, భర్త, మేధావులు, ఒక పెళ్లికాని చిత్రకారిణి. విడివిడిగా ముడుచుకుపోయి ఉన్న మనుషుల్ని ఆమె ఒక్కటిగా అల్లుతుంది. ఆడవాళ్లు చేసే కంటికి కనపడని సృజన ఇదేనని మనం ఎన్నో క్లాసుల్లో చెప్పుకున్నాం. చెప్పుకోవాల్సిందే. కానీ అందరూ మెచ్చుకున్న ఆ మాంసం వంటకం వండిన మనిషి మిల్డ్రెడ్. మూడు రోజులు పట్టింది ఆమెకి. మెప్పు మాత్రం మిసెస్ రామ్సే అందుకుంటుంది, అది తన అమ్మమ్మ వంటకం కదా అని.

నవల మధ్యభాగంలో పదేళ్లు గడిచిపోతాయి. మిసెస్ రామ్సే చావు బ్రాకెట్ల మధ్య ఒక వాక్యంలో అయిపోతుంది. కూతురు కాన్పు జబ్బుతో పోతుంది, కొడుకు యుద్ధంలో పోతాడు, అవీ బ్రాకెట్లలోనే. బ్రాకెట్ల బయట మిగిలేది పాడుపడుతున్న ఇల్లు, దాన్ని బూజు దులిపి నిలబెట్టే ముసలావిడ మిసెస్ మక్‌నాబ్. ఆ కాలపు ఇంగ్లీషు నవలలో పనిమనిషికి ఇంత చోటు ఇవ్వడం మామూలు విషయం కాదు. విశ్వయుద్ధం ఒకవైపు, ఆవిడ బకెట్టు ఒకవైపు. అయినా చదివిన ప్రతిసారీ నాకు ఒకటి గుచ్చుకుంటుంది. రామ్సేల ఇంట్లో ప్రతి మనిషికీ వెయ్యి పొరల ఆలోచన ఇచ్చిన వుల్ఫ్, మిసెస్ మక్‌నాబ్‌కి ఇచ్చింది వంగిన నడుం, సగం మరిచిన పాట. ఆమె ఏదో దూకుడు లేని ప్రకృతి శక్తిలా ఊగుతూ ఉంటుంది. ఆమె ఇల్లెక్కడ, ఆ ద్వీపంలో ఎవరి మనిషి, ఏ భాషలో కలగంటుంది? స్కై మీద అప్పుడు గేలిక్ వినపడని ఊరు లేదు. నవలలో ఆ ధ్యాసే లేదు. వుల్ఫ్‌కీ ఆమె ఇంటి వంటమనిషికీ మధ్య ఏళ్ల తరబడి సాగిన జగడాల గురించి ఆలిసన్ లైట్ 2007లో ఒక మంచి పుస్తకం రాసింది. అది చదివాక ‘సొంత గది’ని ఎవరు ఊడ్చారన్న ప్రశ్న మనల్ని వదలదు.

అదే స్కై మీద, వుల్ఫ్ పుట్టడానికి అరవై ఏళ్ల ముందు, 1821లో మేరీ మక్‌ఫర్సన్ పుట్టింది. గేలిక్‌లో ఆమెని ‘పాటల పెద్ద మేరీ’ అని అర్థం వచ్చేలా పిలుస్తారు. చెప్పులు కుట్టే మనిషిని పెళ్లాడి ఇన్వర్నెస్‌లో కాపురం చేసింది. భర్త పోయాక పిల్లల్ని సాకడానికి ఒక సైనికాధికారి ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటావిడ జబ్బుచేసి చనిపోయింది. చనిపోయినావిడ బట్టలు దొంగిలించిందని మేరీ మీద నేరం మోపారు. 1872లో జైలుకి పంపారు. అప్పటికి ఆమెకి యాభై ఏళ్లు. ఆమె పాట కట్టడం మొదలుపెట్టింది అక్కడే, ఆ అవమానంలోంచే. తర్వాత గ్లాస్గో వెళ్లి నర్సింగూ మంత్రసానితనమూ చదివింది. 1882లో స్కైకి తిరిగొచ్చింది.

ఆమె తిరిగొచ్చిన ఏడాదే స్కైలో బ్రేస్ అనే చోట రైతులు తిరగబడ్డారు. కొండమీద పశువుల్ని మేపుకునే హక్కు కోసం శిస్తు కట్టడం ఆపేశారు. ఖాళీ చేయమని తెచ్చిన నోటీసుల్ని తగలబెట్టించారు. వాళ్లని పట్టుకోవడానికి గ్లాస్గో నుంచి దాదాపు యాభైమంది పోలీసులొచ్చారు. రాళ్లూ కర్రలూ పట్టుకుని వాళ్లకి ఎదురు నిలిచినవాళ్లలో ఆడవాళ్లు ముందున్నారు, లాఠీ దెబ్బలూ తిన్నారు. మేరీ ఆ పోరాటాన్ని పాటలు కట్టింది. భూమి హక్కుల అభ్యర్థుల ఎన్నికల సభల్లో పాడింది. 1886లో రైతుల్ని ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకుండా చట్టం వచ్చింది.

ఈ కథ అర్థం కావాలంటే అంతకుముందు డెబ్భై ఎనభై ఏళ్లుగా ఆ దీవుల్లో జరిగినది గుర్తుంచుకోవాలి. మనుషుల కంటే గొర్రెలు లాభమని భూస్వాములు ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. రమ్ ద్వీపం నుంచి 1826లో మూడొందలమందిని ఓడలెక్కించి కెనడాకి పంపేశారు. అదే ద్వీపంలో శతాబ్దం చివర జౌళి యంత్రాల మీద డబ్బు చేసిన బులో కుటుంబం ఎర్రరాతి కోట కట్టుకుంది. అద్దాల ఇళ్లలో తాబేళ్లూ మొసళ్లూ పెంచింది. ఇప్పుడు ఓడ రేలింగు దగ్గర నిలబడి అతిథులు చూసే ఆ నిర్మానుష్యమైన అందం, కొండవాలు మీద పైకప్పుల్లేని రాతిగోడలు, అన్నీ ఇట్లా తయారైనవే. ప్రకృతి చేసిన ఖాళీ కాదది. సెయింట్ కిల్డా సంగతి కొంచెం వేరు. అక్కడ మిగిలిన 36 మంది 1930 ఆగస్టు 29న తమంతట తామే ప్రభుత్వాన్ని అడిగి దీవి విడిచారు. అక్కడి నర్సు విలియమీనా బార్‌క్లే వాళ్లతో కూచుని మాట్లాడి ఒప్పించింది. తిండి, రోగం, ఒంటరితనం తట్టుకోలేకపోయారు.

కంట్రీ హౌస్‌కి దాని భూమే దానికి సాక్షి. మాన్స్‌ఫీల్డ్ పార్క్ సుఖం వెనక ఆంటిగ్వా తోటలున్నాయని ఎడ్వర్డ్ సైద్ పట్టుకోగలిగాడంటే ఆస్టిన్ ఆ పేరు రాసింది కాబట్టి. ఓడ ఆ సాక్షిని వదిలించుకుంది. ఇల్లుంది, పొగగూడుంది, పుస్తకాలున్నాయి. శిస్తు కట్టే ఊరు లేదు. ఊరు కిటికీలోంచి కనిపించే దృశ్యమైపోయింది, రేపు ఇంకో దృశ్యం. నా దృష్టిలో ఆ మాటకి చివరి ఉతుకు ఇదే.

ఈ దీవులు మనకి పరాయివి అనుకోవడానికి లేదు. లూయిస్ ద్వీపాన్ని 1844లో లక్షా తొంభై వేల పౌండ్లకి కొన్నవాడు జేమ్స్ మాథెసన్. జార్డీన్ మాథెసన్ కంపెనీలో భాగస్వామి. చైనాకి నల్లమందు చేరేసి గడించిన డబ్బు అది, ఆ నల్లమందు పండింది మన దేశంలో, అడ్వాన్సులతో కట్టిపడేసిన బీహారు రైతుల పొలాల్లో కూడా. ఆ డబ్బుతో స్టోర్నోవే రేవుకి ఎదురుగా లూస్ కోట లేచింది. 1878లో అతను పోయాక ద్వీపమంతా అతని భార్య చేతికొచ్చింది. 1887లో భూమిలేని రైతులు ఆమె లేళ్ల వేటభూమి మీదికి దండెత్తింది ఆకలితోనే. ఆస్తి ఆడదాని చేతికొస్తే న్యాయం దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఈ యజమానురాలిని ఒకసారి తలుచుకోవాలి.

అదే స్టోర్నోవేలో 1754 ప్రాంతంలో కాలిన్ మెకంజీ పుట్టాడు. మన మెకంజీయే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరా కైఫీయతులు రాయించినవాడు. ఆయన ఇక్కడ మన ఊళ్ల మాన్యాలూ కరువులూ వలసలూ రాయిస్తున్న కాలంలో అక్కడ ఆయన పుట్టిన సీమలో ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. వాటికి కైఫీయతు రాయించినవాళ్లు లేరు. ఆ పని 1883లో గానీ జరగలేదు. రైతుల కష్టాలు విచారించడానికి వేసిన కమిషన్ దీవుల్లో తిరిగి వందలమంది చేత సాక్ష్యం చెప్పించుకుంది, ఐదు సంపుటాలు అచ్చువేసింది. దానికి అధ్యక్షుడు లార్డ్ నేపియర్. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు. గంజాం కరువు నాటి గవర్నరు. ఈ వరస చూస్తుంటే నాకు ఒకోసారి తల తిరుగుతుంది, ప్రపంచం ఇంత ఇరుకైన ఇల్లా అని.

ఆ ఐదు సంపుటాల్లో గొంతు విప్పినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. బ్రేస్ దగ్గర దెబ్బలు తిన్న ఆడవాళ్లు అక్కడ మాట్లాడరు. హెరింగ్ చేపలు కోయడానికి ముగ్గురేసి జట్టుగా షెట్లండ్ నుంచి యార్మత్ దాకా తీరమంతా తిరిగిన లూయిస్ అమ్మాయిల కథ కూడా అందులో వెతికితే దొరకదు. కత్తి తెగకుండా వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని, ఉప్పులో చేతులు పెట్టి పనిచేసేవాళ్లు. ఆడవాళ్ల సాక్ష్యం కావాలంటే పాటల దగ్గరికి పోవాలి. మేరీకి గేలిక్ చదవడం వచ్చు, రాయడం రాదు. ఆమె నోటి నుంచి విని ఇంకొకరు రాసుకుంటే 1891లో పుస్తకమైంది. ఆ వయసులో, అన్ని వేల పంక్తులు కంఠస్థంగా. మన తెలంగాణ సాయుధ పోరాటపు ఆడవాళ్ల కథల్ని ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంగా తెచ్చినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు.

గడీ అన్న మాటని ఓడకి వాడకూడదనే నిర్ణయానికి వచ్చాను. దాన్ని మనం ఉతకొద్దు. ఈమధ్య పాత కోటల్ని, దివాణాల్ని హెరిటేజ్ హోటళ్లుగా మారుస్తున్నారు. రేపు వాటి బ్రోషర్లు తెలుగులో రాసేవాళ్లు ఏ మాట వాడతారో చూడాలి. ఇంట్లో చుట్టంగా ఉండాలన్న మన కోరికని మాత్రం నేను వదులుకోను. అది ఒకరి నడుము వంచకుండా ఎట్లా తీరుతుందో, ఉమ్మడి వంటశాలలా, మగవాళ్ల చేత పొయ్యి ముట్టించడమా, పనిగంటల చట్టమా, దాని మీద మనం ఇంతకంటే గట్టిగా మాట్లాడుకోవాలి. ఓడల గురించి కాదు, మన ఇళ్ల గురించే.

ఈ ఏడాది ఎం.ఏ. పిల్లలకి వుల్ఫ్ నవలతో పాటు మేరీ పాటలు రెండు, ఇంగ్లీషు అనువాదంలో, జిరాక్సు తీసి ఇచ్చాను. సిలబస్‌లో లేవు, పరీక్షకి రావు. ఆమె జీవితం రెండు ముక్కల్లో చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి అడిగింది, ఆ బట్టలు నిజంగా ఆమె తీసిందా మేడమ్ అని. తీయలేదనే ఆమె చివరిదాకా చెప్పింది. దీవి జనం ఆమె మాటే నమ్మారు.